61 శాతం దగ్గర ఆగిపోయిన షష్టిపూర్తి

మా నాన్న షష్టిపూర్తికి ఒక వీడియో చేద్దామని మొదలుపెట్టింది నేనే, ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఎవరెవరి దగ్గరో పడి ఉన్న క్లిప్పులన్నీ పోగేసి, 22 నిమిషాలకు కుదించి, ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద వేయిద్దామని ప్లాను. కటింగ్ అయిపోయింది, వెనకాల నాదస్వరం పెట్టడం అయిపోయింది, అమ్మకు తెలియకుండా పిన్నికి చూపించి ఆవిడను ఏడిపించడం కూడా అయిపోయింది. ఫంక్షన్ ఆదివారం. బుధవారం రాత్రి భోంచేసి వచ్చి రెండర్ (ముక్కలన్నిటినీ కలిపి ఒకే వీడియో ఫైలుగా వండే పని) నొక్కి, తెల్లారేసరికి అయిపోతుందిలే అని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బార్ 61 శాతం దగ్గర ఆగి ఉంది. ఎర్రర్ మెసేజ్ లేదు, ఏమీ లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మాత్రం గుయ్యిమని తిరుగుతోంది.

మళ్లీ నొక్కాను. మళ్లీ 61. రీస్టార్ట్ చేసి నొక్కాను. 61. ఇంక టెన్షన్ మొదలైంది.

మా వీధి చివర కంప్యూటర్ షాపతన్ని అడిగితే, ల్యాప్‌టాప్ వంక చూడకుండానే "ర్యామ్ వేయించండి సార్" అన్నాడు. మూడు వేలో నాలుగు వేలో పెట్టి వేయించేవాడినే, కానీ ఆ సాయంత్రానికి పార్ట్ రాదన్నాడు. రాకపోవడమే మంచిదైంది. సమస్య ర్యామ్‌ది కాదు, ల్యాప్‌టాప్‌ది అసలే కాదు. నేను టైమ్‌లైన్ మీద, అంటే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే చోట, పరిచిన ఫైళ్లది. ఇదేదో రెండు రోజుల్లో నేర్చుకున్న పాఠం కాబట్టి మర్చిపోయేలోపు రాసి పెడుతున్నాను.

ముందు ఆ 61 సంగతి. 22 నిమిషాల్లో 61 శాతం అంటే 13 నిమిషాల 25 సెకన్లు. అక్కడ ఏముందా అని చూస్తే అక్క పెళ్లిలో అప్పగింతల క్లిప్ ఉంది. ఇదే దొంగ అనుకుని తీసేశాను. ఈసారి 60 దగ్గర ఆగింది. అంటే అసలు దొంగ దాని వెనకాల ఉన్నాడు, నేను ముందున్న క్లిప్ తీసేసేసరికి వాడూ ఒక అడుగు ముందుకు జరిగాడు. ఇలా ఒక్కొక్కటీ పీకుతూ పోతే ఆదివారం దాటిపోతుందని టైమ్‌లైన్‌ను సగానికి విడగొట్టి రెండర్ చేశాను. మొదటి 11 నిమిషాలు సుబ్బరంగా వచ్చాయి. రెండో సగం చచ్చింది. ఆ రెండో సగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం. ఐదో రెండర్‌కి వాడు దొరికాడు. 2005లో మామయ్య డిజిటల్ కెమెరాతో తీసిన 40 సెకన్ల ఏవీఐ ఫైలు. అందులో తాతయ్య వాలుకుర్చీలో కూర్చుని ఉంటారు. ఆయన కదులుతూ మాట్లాడే వీడియో మాకు అదొక్కటే ఉంది. తీసేసి పారేద్దామంటే కుదరదు.

విచిత్రం ఏంటంటే ఈ ఫైలు వీఎల్‌సీలో బ్రహ్మాండంగా ప్లే అవుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు "ఇండెక్స్ పాడైంది, బాగు చేయమంటావా, అలాగే ప్లే చేయమంటావా" అని ఒక బాక్సు వచ్చింది. అలాగే ప్లే చెయ్ అని నొక్కేశాను. ఆ బాక్సులోనే జవాబు ఉంది, చదివితే కదా. ఏవీఐ ఫైల్లో ఏ ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఎక్కడుందో చెప్పే పట్టిక, అదే ఇండెక్స్, ఫైలు చివర ఉంటుంది, రికార్డింగ్ ఆపినప్పుడు కెమెరా దాన్ని రాస్తుంది. ఆ రోజు 40 సెకన్లకే బ్యాటరీ అయిపోయిందట, మామయ్యకు ఇప్పటికీ గుర్తుంది. పట్టిక రాయకుండానే కెమెరా కన్ను మూసింది. ప్లేయర్‌కి ఆ పట్టిక లేకపోయినా గడిచిపోతుంది, అది మొదటినుంచి వరసగా చూపించుకుంటూ పోతుంది కాబట్టి. ఎడిటర్ అలా కాదు, "నాకు 317వ ఫ్రేము ఇవ్వు" అని అడుగుతుంది. ఎక్కడుందో చెప్పేవాళ్లు లేకపోతే అక్కడే కూర్చుంటుంది.

దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే, కమాండ్లు టైపు చేసి వాడే సాఫ్ట్‌వేర్‌తో వేరే ఫార్మాట్‌లోకి మార్చి, పాతదాని స్థానంలో కొత్తది పెట్టాను. 61 దాటింది. ఇంట్లో ఎవరికీ అర్థం కాని ఆనందం అది.

దాటాక 100 కూడా అయింది. కానీ వచ్చిన వీడియో చూస్తే ఇంకో నాలుగు రోగాలు బయటపడ్డాయి. ఇక్కడే మా ఊళ్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే తమ్ముడికి ఫోన్ చేశాను. క్లిప్పులు ఏవేవి వేశానో అన్నీ విని, "అన్నా, నువ్వు చేసింది మిక్సింగ్ కాదన్నా, కలగూరగంప. ముందు అన్నీ ఒకే ఫార్మాట్‌లోకి దించు, తర్వాత టైమ్‌లైన్ ఎక్కించు" అన్నాడు. వాడు ఏ పెళ్లికైనా మొదట చేసే పని అదేనట. కార్డులు కాపీ చేసి, రాత్రంతా కన్వర్ట్ పెట్టి, పొద్దున టీ తాగి కటింగ్ మొదలుపెడతాడు. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను.

ఎందుకు మార్చాలో నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. కెమెరా గానీ ఫోన్ గానీ వీడియోను కార్డులో తక్కువ చోటు పట్టేలా దాస్తుంది. మామూలుగా వాడే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచరు. ఒక బొమ్మ పూర్తిగా దాచి, ఆ తర్వాతవి "ముందుదానికీ దీనికీ తేడా ఇదీ" అని మాత్రమే రాసుకుంటారు. పాలవాడి ఖాతా కార్డు లాంటిదన్నమాట. ఒకటో తారీఖున బాకీ ఎంతో రాస్తారు, ఆ తర్వాత అరలీటరు, లీటరు, ఈరోజు వద్దు, అంతే. 17వ తారీఖుకి బాకీ ఎంత అంటే ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ రావాల్సిందే. పైగా కొన్ని ఫ్రేములైతే రేపటి లెక్క చూస్తేగానీ ఇవాళ్టిది తేలదు అనే రకం. చూడటానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. కట్ చేయాలంటేనే తంటా. కర్సర్ అటూ ఇటూ జరిపిన ప్రతిసారీ పాపం ఆ ప్రాసెసర్ లెక్క మొదటినుంచి కూడుతుంది. రెండు లేయర్లు, ఒక డిజాల్వు, మీద ఒక టైటిలు వేస్తే రెండు మూడు ఖాతాలు ఒకేసారి కూడాలి.

ఎడిటింగ్ కోసం వాడే ఫార్మాట్లు వేరే ఉన్నాయి. యాపిల్ వాళ్ల ప్రోరెస్, ఎవిడ్ వాళ్ల డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్, సినీఫార్మ్. వీటిలో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి బొమ్మ. ప్రతి తారీఖు పక్కనా మొత్తం బాకీ రాసి ఉన్నట్టు. అడిగిన ఫ్రేము వెంటనే ఇస్తుంది. బదులుగా చోటు తింటుంది. నేను వాడిన డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ ఎస్‌క్యూ, 1080 సైజు, సెకనుకు 25 ఫ్రేముల దగ్గర సెకనుకు సుమారు 120 మెగాబిట్లు. గంట ఫుటేజ్‌కి 54 జీబీ. అదే గంట హ్యాండీక్యామ్ ఫైలు 17 మెగాబిట్ల దగ్గర ఏడున్నర జీబీ ఉంటుంది. మూడు గంటల ఫుటేజ్ మార్చేసరికి నా ఎక్స్‌టర్నల్ డిస్కులో 160 జీబీ ఎగిరిపోయింది. మార్చినంత మాత్రాన క్వాలిటీ పెరగదు, ఆ భ్రమ వద్దు. ఉన్నది చెడకుండా ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఆ నాలుగు రోగాలు.

అక్క పెళ్లి 2011లో. బాబాయి హ్యాండీక్యామ్‌తో తీశారు. ఏవీసీహెచ్‌డీ, అంటే ఎంటీఎస్ ఫైళ్లు, 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఫార్మాట్ అది. మన దగ్గర అమ్మిన కెమెరాలు 50ఐ తీసేవి. సెకనుకు 50 సగం బొమ్మలు, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. పాత టీవీలో అది కనపడదు. ల్యాప్‌టాప్ మీద, ఎల్‌ఈడీ మీద కనపడుతుంది. అక్క పీటల మీదికి నడిచి వస్తుంటే పట్టుచీర అంచు దువ్వెన పళ్లలా చీలిపోయి ఉంది. జరీ ఎంత మెరిస్తే చీలిక అంత ఎక్కువ. కన్వర్ట్ చేసేటప్పుడే డీఇంటర్‌లేస్, అంటే ఆ సగం బొమ్మలను పూర్తి బొమ్మలుగా మార్చే పని, పెట్టాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో యాడిఫ్ అనీ, దానికంటే కొంచెం మెరుగైన బీడబ్ల్యూడిఫ్ అనీ ఫిల్టర్లు ఉన్నాయి. 25 ఫ్రేములు కావాలా 50 కావాలా అని అది మనల్నే ఎంచుకోమంటుంది. నేను 25 తీసుకున్నాను. ఒక జాగ్రత్త, ఈ ఎంటీఎస్ ఫైళ్లలో పై గీత ముందు వస్తుంది, పాత మినీ డీవీ టేపుల్లో కింది గీత ముందు. తిరగేసి చెబితే మనుషులు ముందుకు రెండడుగులు వెనక్కి ఒకడుగు వేస్తున్నట్టు వణుకుతారు.

ఆ హ్యాండీక్యామ్‌దే ఇంకో తమాషా. కొన్ని ఫైళ్లు 1440 బై 1080 ఉన్నాయి. అందులో పిక్సెల్ (బొమ్మలోని ఒక్కో చుక్క) చతురస్రం కాదు, అడ్డంగా మూడో వంతు వెడల్పెక్కువ. అది పట్టించుకోకుండా మార్చేస్తే అందరూ సన్నగా, పొడుగ్గా వస్తారు. మా బాబాయి భారీ మనిషి, ఆయన కొత్తల్లుడిలా కనపడేసరికి నాకు అనుమానం వచ్చింది. పిన్ని మాత్రం అలాగే ఉంచేయమంది. 1920కి సాగదీసి యథాస్థానానికి తెచ్చాను.

రెండోది, నన్ను అసలు భయపెట్టింది, మాంగల్యధారణ. అంతసేపు ఆపకుండా తీస్తే ఆ కెమెరా ఫైలును తనంతట తనే 2 జీబీ దగ్గర తెంపి, ఇంకో ఫైలు మొదలుపెడుతుంది. ఆ తెంపు సరిగ్గా ఎక్కడ పడాలి? పంతులు గారు "మాంగల్యం తంతునానేన" అని అందుకున్నారు, బావ సూత్రం పట్టుకుని వంగాడు, అక్షింతలు లేచాయి, టక్. రెండో ఫైలు మొదలయ్యేసరికి అక్షింతలు కింద పడి ఉన్నాయి. రెండు ఫైళ్లనూ టైమ్‌లైన్ మీద పక్కపక్కన అంటిస్తే మధ్యలో సన్నాయి ఒక్క క్షణం మింగేసినట్టు, చిన్న టప్ శబ్దంతో. కొన్ని ఫ్రేములు పోయాయనే అనుకున్నాను. పోలేదట. ఎంటీఎస్ అనేది టీవీ ప్రసారాల్లో వాడే స్ట్రీమ్ లాంటిది, మొదటి ఫైలు చివర్లో మొదలైన మాట రెండో ఫైల్లో పూర్తవుతుంది. విడివిడిగా మారిస్తే ఆ సగం మాట రెండు వైపులా పారేస్తుంది. అందుకని మార్చకముందే రెండు ఫైళ్లనూ ఒకదాని తోక మరోదాని తలకి కలిపేయాలి, దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్‌లో మామూలు కాపీ కమాండ్‌కి బైనరీ అని చెబితే చాలు. కలిపి, ఆ కలిపిన ఫైలును మార్చాను. అక్షింతలు లేచాయి, గాల్లో తిరిగాయి, అక్క తల మీద పడ్డాయి. ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. పదమూడేళ్లుగా అది కార్డులోనే ఉంది, చూసినవాళ్లు లేరు.

మూడోది ఫోన్లు. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు అని చెప్పుకుంటుంది గానీ వెలుతురు తగ్గితే నెమ్మదిస్తుంది, వేడెక్కితే ఇంకోలా ఉంటుంది. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర చూస్తే వేరియబుల్ అని ఉంటుంది. మా వదిన తీసిన ఆరు నిమిషాల క్లిప్, నాన్న రిటైర్‌మెంట్ రోజు స్పీచ్, సగటు 29.8 ఉంది. ఎడిటర్ 30 అనుకుని పరుగెత్తింది. మొదట్లో తేడా తెలియలేదు, చివరికొచ్చేసరికి రెండున్నర సెకన్ల దూరం. నాన్న నోరు మూశాక "అందరికీ నమస్కారం" వినపడుతోంది. చాలామంది ఇక్కడ ఆడియోను చేత్తో జరుపుతూ కూర్చుంటారు, నేనూ ఒక గంట కూర్చున్నాను. వృథా. ఒకచోట కుదిరితే ఇంకోచోట జారుతుంది. మార్చేటప్పుడే ఫ్రేమ్ రేటును స్థిరంగా 25కి కట్టేస్తే ఒక్క దెబ్బకు పోతుంది. 30ని 25 చేస్తే అక్కడక్కడ ఫ్రేములు ఎగిరిపోయి హారతి పళ్లెం తిప్పేటప్పుడు చిన్న గతుకు కనపడింది. నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పులను మాత్రం ఏమీ చేయలేం. అవి వచ్చేటప్పటికే బాగా నలిగి ఉంటాయి. పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమని బతిమాలుకోవడమే. మా అత్తయ్యకు ఇది ఫోన్‌లో వివరించడం మొత్తం ఈ ప్రాజెక్టులోకెల్లా కష్టమైన పని.

నాలుగోది డల్లాస్‌లో ఉన్న చెల్లి పంపిన శుభాకాంక్షలు. ఐఫోన్‌లో హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగులూ రంగులూ మామూలు కంటే ఎక్కువగా పట్టే పద్ధతిలో, తీసింది. దాని ఫోన్‌లో చూస్తే దీపావళిలా ఉంది, నేను మార్చాక చూస్తే ముఖానికి సున్నం కొట్టినట్టు పాలిపోయింది. హెచ్‌డీఆర్ రంగులను మామూలు వీడియో రంగుల్లోకి దించేందుకు టోన్ మ్యాపింగ్ అని ఒక తంతు ఉంది. నేను మొదట అది పెట్టకుండా మార్చాను. పెట్టి చూద్దామంటే అప్పటికి శుక్రవారం రాత్రి, ఓపిక లేదు. "ఒసేయ్, సెట్టింగ్స్‌లో కెమెరాలోకి వెళ్లి హెచ్‌డీఆర్ వీడియో ఆపేసి మళ్లీ తియ్" అన్నాను. "అన్నయ్యా, మేకప్ తీసేశాను" అంది. మళ్లీ వేసుకుంది, తిట్టుకుంటూనే.

పాత ఏవీఐతోనూ రంగుల గొడవ ఒకటి ఉంది గానీ అది దీనికి ఎదురు. ఆ కాలపు డిజిటల్ కెమెరాలు మోషన్ జేపెగ్ వాడేవి. అంటే వరసగా జేపెగ్ ఫొటోలే, నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా. మామూలు వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. మార్చేటప్పుడు ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోతే చీకటి చోట్లన్నీ ముద్ద అయిపోతాయి. తాతయ్య వెనకాల గోడకున్న పటాలు మొదటిసారి మార్చినప్పుడు కనపడలేదు. రేంజ్ సరిచేశాక నానమ్మ ఫొటో, దాని పక్కన గోడ గడియారం తేలాయి. నాలుగూ పది.

సౌండ్ అన్నిటికీ 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ పీసీఎం (కుదించని సౌండ్) పెట్టాను. తాతయ్య క్లిప్‌లో అసలు ఉన్నది 11 కిలోహెర్ట్జ్, 8 బిట్, మోనో. మార్చినా డబ్బాలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. ఉండనీ.

కమాండ్లు టైపు చేయడం ఇష్టం లేనివాళ్లకు షటర్ ఎన్‌కోడర్ ఉంది, ఉచితం, బటన్లు నొక్కుకోవచ్చు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ లాంటి ఎడిటర్లయితే ఇలాంటి ఫైలు వేయగానే ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని అవే అడుగుతాయి. అడిగితే సరే అనండి, నాలాగా బాక్సులు మూసేయకుండా. హ్యాండ్‌బ్రేక్ కూడా చాలామంది చెబుతారు, ఫ్రేమ్ రేటు స్థిరం చేయడానికి పనికొస్తుంది, కాకపోతే అది తిరిగి మళ్లీ పాలవాడి ఖాతాలోనే రాసి ఇస్తుంది కాబట్టి నాకు నచ్చలేదు. ఒరిజినల్ ఫైళ్లు మాత్రం ఏ పరిస్థితిలోనూ డిలీట్ చేయొద్దు. డిస్కు నిండితే మార్చినవి తీసేయండి, అవి మళ్లీ పుట్టించుకోవచ్చు.

శనివారం మధ్యాహ్నానికి అన్నీ మార్చి, పాత క్లిప్పుల చోట కొత్తవి కూర్చోబెట్టి, ఫైనల్ రెండర్ కూడా తమ్ముడు చెప్పినట్టు రెండు అంచెల్లో చేశాను. ముందు డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్‌లోనే ఒక మాస్టర్, సుమారు 20 జీబీ. ఆ మాస్టర్ నుంచి ఎంపీ4. ఎంపీ4 దగ్గర ఏదైనా తేడా కొడితే టైమ్‌లైన్ మొత్తం మళ్లీ తిప్పక్కర్లేదు. బుధవారం రాత్రంతా తీసుకుని 61 దగ్గర చచ్చింది, శనివారం 35 నిమిషాల్లో అయిపోయింది. అదే ల్యాప్‌టాప్, అదే ర్యామ్.

చెక్ చేద్దామని చూస్తుంటే తాతయ్య క్లిప్ దగ్గర బొమ్మ కదలడం లేదు. గుండె జారిపోయింది. సెకన్లు నడుస్తున్నాయి, తాతయ్య మాత్రం చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బిగుసుకుని ఉన్నారు. కాసేపటికి చూస్తే ఆయన భుజం మీది కండువా చివర ఫ్యాన్ గాలికి అల్లాడుతోంది. వెనకాల ఎక్కడో కాకి అరుస్తోంది. ఆయనే కదలడం లేదు. ఫొటో తీస్తున్నారనుకున్నారు. పన్నెండు సెకన్లు అలాగే ఉండి, అప్పుడు కనుబొమలు ఎత్తి "అయిందా?" అంటారు. అవతలినుంచి మామయ్య నవ్వు.

ఆదివారం హాల్లో అందరూ చూస్తుండగా ఆ చోటు రానే వచ్చింది. స్క్రీన్ నిండా తాతయ్య, కదలకుండా. వీడియో హ్యాంగ్ అయిందనుకుని ఎల్‌ఈడీ అబ్బాయి గబగబా ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాడు. నేను వద్దు వద్దు అని చెయ్యి ఊపుతున్నాను, వాడు చూడటం లేదు. పీటల మీదినుంచి నాన్నే, మెడలో దండతో, గట్టిగా అన్నారు. "ముట్టుకోకు బాబూ, ఆయనింకా మాట్లాడలేదు."